క్రియాటినిన్ 1.5కి పెరిగింది, బయాప్సీ చేయాలంటున్నారు: రక్తపరీక్షతో సరిపోదా?

పలాస అన్న | ఆదివారం, రాత్రి 9:40

సభ్యులందరికీ నమస్కారం. మాది ఉద్దానం. మా తమ్ముడికి షుగరు లేదు, మొదట్లో బీపీ కూడా లేదు. మా వైపు ఎందరికో జరిగినట్టే, కారణం తేలకుండానే అతని కిడ్నీలు దెబ్బతిన్నాయి. రెండేళ్లు డయాలిసిస్ మీద ఉన్నాక, పద్నాలుగు నెలల క్రితం మా అమ్మ తన కిడ్నీ ఇచ్చింది. అప్పటి నుంచి కిడ్నీ పనితీరును చూపే క్రియాటినిన్ 1.1 దగ్గర నిలకడగా ఉండేది. ఏడు వారాల క్రితం 1.3 వచ్చింది, మొన్న 1.5 వచ్చింది. తమ్ముడు మాత్రం బాగానే ఉన్నాడు. మూత్రం సరిగా వస్తోంది, జ్వరం లేదు, కాళ్ల వాపు లేదు, కిడ్నీ పెట్టిన చోట నొప్పి కూడా లేదు.

కిడ్నీలోంచి సూదితో చిన్న ముక్క తీసి చూసే బయాప్సీ చేద్దామని డాక్టర్ గారు అన్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి అమ్మ అన్నం సరిగా తినడం లేదు. తాను ఇచ్చిన కిడ్నీలోకి మళ్లీ సూది దించడం ఎందుకని ఆమె బాధ. దాత డీఎన్ఏను రక్తంలోనే కొలిచే పరీక్ష ఒకటి వచ్చిందని, అది చేయిస్తే బయాప్సీ అవసరం ఉండదని బంధువు ఒకరు చెప్పారు. అది నిజమేనా? మా వాడికి పనికొస్తుందా? 1.5 కూడా రిపోర్టులో ఇచ్చిన హద్దుకు కొంచెమే పైన ఉంది కదా, ఇంకొన్నాళ్లు చూడవచ్చా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

డల్లాస్ నుంచి | ఆదివారం, రాత్రి 11:15

అన్న గారూ, మీ బంధువు చెప్పిన పరీక్ష నిజంగానే ఉంది. ఇక్కడ అమెరికాలో ఆలోష్యూర్, ప్రాస్పెరా అనే పేర్లతో చేస్తున్నారు. మార్పిడి చేసిన అవయవంలోని కణాలు దెబ్బతిని చనిపోతున్నప్పుడు వాటి డీఎన్ఏ ముక్కలు రక్తంలోకి వస్తాయి. రక్తంలో తిరిగే మొత్తం డీఎన్ఏ ముక్కల్లో దాతవి ఎంత శాతమో ఈ పరీక్ష చెబుతుంది. మా నాన్నగారికి 2019లో గుండె మార్పిడి జరిగింది. మొదటి ఏడాదిలో మెడ దగ్గరి నరం గుండా తీగ పంపి గుండె కండరం ముక్కలు తీసే బయాప్సీని ఆయన పన్నెండు సార్లు భరించారు. ఆ తరువాత ఈ రక్తపరీక్షతో పాటు ఆలోమ్యాప్ అనే మరో పరీక్ష మొదలుపెట్టాక, బయాప్సీల సంఖ్య బాగా తగ్గింది. వీలుంటే తప్పక అడిగి చేయించండి.

విశాఖ నెఫ్రాలజీ | సోమవారం, ఉదయం 6:50

నేను కిడ్నీ వైద్యుణ్ని. మీ తమ్ముడిని చూస్తున్న వైద్యుడిదే తుది నిర్ణయం. నేను రాస్తున్నది విషయం అర్థం కావడానికి మాత్రమే.

ముందుగా మీ చివరి ప్రశ్న. ఇంకొన్నాళ్లు చూడవద్దు. క్రియాటినిన్ విషయంలో రిపోర్టు పక్కన అచ్చువేసిన హద్దును చూడకూడదు, ఆ మనిషికి అలవాటైన అంకెను చూడాలి. మీ తమ్ముడి అలవాటు 1.1. అక్కడి నుంచి 1.5 అంటే మూడో వంతు కంటే ఎక్కువ పెరుగుదల. క్రియాటినిన్ ఎంత ఆలస్యంగా నోరు విప్పుతుందో చెప్పడానికి మీ అమ్మగారే ఉదాహరణ. ఆమె ఒక కిడ్నీ ఇవ్వడంతో వడపోత చేసే నెఫ్రాన్లలో సగం ఒక్కరోజులో పోయాయి. అయినా ఆపరేషన్ తరువాత తీసిన రిపోర్టు చూడండి, 0.7 ఉన్నది 1.0 దగ్గరికి వచ్చి ఉంటుంది, అంతే. ప్రయోగశాల దానిని మామూలే అని రాసి ఉంటుంది. మిగిలిన కిడ్నీ తన పని పెంచుకుని లోటును చాలావరకు పూడ్చడమే దీనికి కారణం. తమ్ముడికి ఉన్నది కూడా ఒక్క కిడ్నీయే, అదీ అదే పని చేస్తుంది. కొన్ని నెఫ్రాన్లు దెబ్బతింటే మిగతావి ఎక్కువ పని చేసి, కొంతకాలం అంకెను పైకి పోనివ్వవు. అంకె పెరిగే నాటికి లోపల జరగవలసినది కొంత జరిగిపోయి ఉంటుంది.

అలాగని పెరిగిన ప్రతిసారీ తిరస్కరణే (కొత్త కిడ్నీని పరాయిదిగా ఎంచి ఒళ్లు దాడి చేయడమే) అనుకోనక్కరలేదు. నీళ్లు తక్కువ తాగినా, విరేచనాలైనా, ముందురోజు మాంసం బాగా తిన్నా కొంత పెరుగుతుంది. మార్పిడి చేయించుకున్నవారు వాడే సెప్ట్రాన్ వంటి మందులోని ట్రైమెథోప్రిమ్, వడపోత తగ్గకపోయినా క్రియాటినిన్‌ను కొద్దిగా పెంచుతుంది. మూత్రనాళం ఇరుకైనా, కిడ్నీకి పట్టే బీకే వైరస్ చేరినా, రోగనిరోధక శక్తిని అణిచి తిరస్కరణను ఆపే టాక్రోలిమస్ మోతాదు ఎక్కువై కిడ్నీ రక్తనాళాలు ముడుచుకున్నా పెరుగుతుంది. ఇక్కడే అసలు చిక్కు ఉంది. టాక్రోలిమస్ ఎక్కువై క్రియాటినిన్ పెరిగితే మందు తగ్గించాలి, తక్కువై తిరస్కరణ మొదలైతే పెంచాలి. బీకే వైరస్ అయితే మళ్లీ తగ్గించాలి. పైకి కనిపించే అంకె అన్నింటిలోనూ ఒకటే, చికిత్సలు మాత్రం ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఊహ మీద ఆధారపడి ఏది చేసినా నష్టం జరగవచ్చు కనుకనే మీ డాక్టర్ గారు బయాప్సీ అడుగుతున్నారు.

నాలుగు విషయాలు తెలియజేయండి: మూత్రంలో ప్రోటీన్ ఎంత, అల్ట్రాసౌండ్‌లో ఏముంది, బీకే వైరస్ పరీక్ష చేశారా, ఇటీవలి టాక్రోలిమస్ లెవెల్స్ (రక్తంలో ఆ మందు స్థాయి) ఎంత.

పలాస అన్న | సోమవారం, మధ్యాహ్నం 1:20

డాక్టర్ గారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. మూత్రంలో ప్రోటీన్ స్వల్పంగా ఉందన్నారు. అల్ట్రాసౌండ్‌లో అడ్డంకి లేదు, రక్తప్రసరణ బాగుంది. బీకే వైరస్ పరీక్ష నెగటివ్. టాక్రోలిమస్ లెవెల్ మూడు నెలల క్రితం 13.6 వచ్చింది. ఎక్కువగా ఉందని, పూటకు 3 మిల్లీగ్రాములు వేసుకుంటున్న మందును 2 మిల్లీగ్రాములకు తగ్గించారు. ఆ తరువాత చేస్తే 7.9 వచ్చింది, సరిపోయిందన్నారు. కాబట్టి మందు వైపు నుంచి ఇబ్బంది లేదనుకుంటున్నాం.

పద్నాలుగేళ్ల కిడ్నీ | సోమవారం, మధ్యాహ్నం 2:05

అన్నయ్య గారూ, నాకు కిడ్నీ మార్పిడి జరిగి పద్నాలుగేళ్లు దాటింది. వైద్యం చదివినదాన్ని కాను, అయినా ఒక్క ప్రశ్న అడుగుతాను. ఆ రెండు లెవెల్స్‌కు రక్తం ఏ సమయంలో ఇచ్చారు? ఆ రోజు ఉదయం మాత్ర వేసుకుని వెళ్లాడా, వేసుకోకుండా వెళ్లాడా? తమ్ముడినే నేరుగా అడగండి. నేను మొదటి ఏడాదిలో ఈ తప్పు రెండుసార్లు చేశాను కనుక అడుగుతున్నాను.

జన్యుశాల | సోమవారం, సాయంత్రం 5:30

నేను అణుజీవశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. దాత డీఎన్ఏ పరీక్ష గురించి నాకు తెలిసినంత చెబుతాను.

దీని మూలం 1998లో ఉంది. డెనిస్ లో బృందం, పురుషుల అవయవాలు పొందిన స్త్రీల ప్లాస్మాలో వై క్రోమోజోము ముక్కలను గుర్తించి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించింది. స్త్రీ ఒంట్లో వై క్రోమోజోము ఉండదు కనుక, కనిపించిన ముక్క దాతదే అయి తీరాలి. ఈ ఆలోచన అందంగా ఉన్నా, దాత పురుషుడు, గ్రహీత స్త్రీ అయినప్పుడు మాత్రమే పనిచేస్తుంది. మనుషుల మధ్య డీఎన్ఏలో ఒక్కో అక్షరం తేడాగా ఉండే వందలాది స్థానాలను ఒకేసారి చదివే యంత్రాలు వచ్చాక, 2011లో స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ క్వేక్, హన్నా వాలంటైన్ తదితరులు గుండె మార్పిడిలో దీనిని ఎవరికైనా వర్తించేలా చూపించారు. కిడ్నీ విషయంలో ముఖ్యమైన అధ్యయనం 2017లో వచ్చింది. దాని పేరు డార్ట్. 102 మంది రోగుల 107 బయాప్సీలను రక్తపరీక్షతో పోల్చి చూశారు. 1 శాతాన్ని గీతగా పెట్టుకుంటే, ఆ గీత దాటినవారిలో 61 శాతం మందికి తిరస్కరణ ఉన్నట్టు, దాటనివారిలో 84 శాతం మందికి లేనట్టు తేలింది.

ఈ 84 శాతాన్ని ఇంకొంచెం నిదానంగా చూడాలి. తిరస్కరణ అన్నది ఒకే జబ్బు కాదు. ఒంట్లో తయారైన ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) కిడ్నీలోని సన్నని రక్తనాళాల గోడలపై దాడి చేయడం ఒక రకం, రోగనిరోధక తెల్లకణాలైన టీ కణాలు కిడ్నీ గొట్టాల్లోకి చొరబడడం మరో రకం. అదే అధ్యయనంలో ప్రతిరక్షకాల రకంలో దాత డీఎన్ఏ మధ్యమ విలువ 2.9 శాతం, టీ కణాల రకంలో 1బీ, ఆపై తీవ్రత ఉన్నవారిలో 1.2 శాతం. తొలి మెట్టయిన 1ఏలో మాత్రం అది 0.2 శాతమే. ఏ తిరస్కరణా లేనివారిలో 0.3 శాతం ఉంది. అంటే 1ఏ తిరస్కరణ ఈ పరీక్ష కళ్లముందు నుంచే నడిచి వెళ్లిపోగలదు. రక్తనాళాల గోడ చిట్లితే దాని శిథిలాలు నేరుగా రక్తంలోనే పడతాయి, గొట్టాల మధ్య జరిగే పోరు అంత తేలికగా రక్తానికి చేరదు. ఈ తేడాకు నేను నమ్మే వివరణ ఇది.

మీ తమ్ముడి విషయంలో మరో సంగతి కూడా ఉంది. దాత కన్నతల్లి. ప్రతి స్థానంలోనూ రెండు అక్షరాల్లో ఒకటి బిడ్డకు తల్లి నుంచే వస్తుంది కనుక, తల్లికీ బిడ్డకూ రెండక్షరాలూ వేరుగా ఉండే స్థానం ఒక్కటి కూడా ఉండదు. ఒక అక్షరం మాత్రమే తేడా ఉన్న చోట్ల దాత సంకేతం సగమే కనిపిస్తుంది. బంధుత్వం చెప్పి, దానికి తగినట్టు లెక్క సరిచేస్తేనే ఫలితం సరైనది అవుతుంది. కిడ్నీ దాతల్లో అత్యధికులు ఇంటివారే అయిన మన దేశంలో ఇది చిన్న విషయం కాదు. దాత సమరూప కవల అయితే ఈ పరీక్షకు అర్థమే లేదు.

డల్లాస్ నుంచి | సోమవారం, రాత్రి 8:10

జన్యుశాల గారు చెప్పినది కాదనను. కానీ పరీక్షను మరీ తక్కువ చేయకండి. 2024లో నేచర్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో యూరప్, అమెరికాలలోని 14 కేంద్రాలకు చెందిన 2,882 మంది కిడ్నీ గ్రహీతలను చూశారు. క్రియాటినిన్ నిలకడగా ఉన్నవారిలో కూడా, పైకి తెలియని తిరస్కరణకు దాత డీఎన్ఏ స్థాయికి స్పష్టమైన సంబంధం కనిపించింది. మామూలు పరీక్షలకు దీనిని జోడిస్తే అంచనా మెరుగుపడింది. గుండె విషయంలో ఇంకా బలమైన ఆధారం ఉంది. 2010లో వెలువడిన ఇమేజ్ అనే అధ్యయనంలో 602 మంది పాల్గొన్నారు. రక్తకణాల్లో జన్యువుల పనితీరును కొలిచే ఆలోమ్యాప్‌తో గమనించినవారికి, తరచుగా బయాప్సీలు చేసినవారికంటే హాని ఎక్కువ కాలేదు. ఒక్కొక్కరికి ఏడాదికి సగటున 3 బయాప్సీలు జరిగేవి 0.5కి తగ్గాయి. మా నాన్నగారు ఆ 0.5 వైపు ఉండడం మా ఇంటికి ఎంత ఊరటో మాటల్లో చెప్పలేను.

విశాఖ నెఫ్రాలజీ | సోమవారం, రాత్రి 9:30

డల్లాస్ గారూ, మీ నాన్నగారు క్షేమంగా ఉండడం సంతోషం. మీరు చెప్పిన అధ్యయనాలు నిజమైనవే, విలువైనవే. అయితే ఇమేజ్‌లో చేర్చుకున్నవారు మార్పిడి జరిగి ఆరు నెలలు దాటి, నిలకడగా ఉన్నవారు. ఆ అధ్యయనంలో చికిత్స అవసరమైన తిరస్కరణల్లో ఎక్కువ భాగం లక్షణాల వల్లనో, ఎకో పరీక్షలోనో బయటపడ్డాయి, ఆలోమ్యాప్ అంకె ఒక్కటే పట్టుకున్నవి కొద్ది. అంటే బాగున్న మనిషికి అనవసరపు బయాప్సీ తప్పించడానికి ఆ పరీక్ష బాగా పనికొస్తుంది. ఏదో తేడా వచ్చిన మనిషిలో ఆ తేడా ఏమిటో తేల్చడం వేరే పని. పలాస అన్న గారి తమ్ముడిది రెండో పరిస్థితి. క్రియాటినిన్ ఇప్పటికే పెరిగింది. దాత డీఎన్ఏ 2 శాతం వస్తే ఏ రకం దెబ్బో చూడడానికి బయాప్సీ చేయాలి. 0.2 వస్తే 1ఏ కాదని రూఢి చేసుకోవడానికి మళ్లీ బయాప్సీయే చేయాలి. ఫలితం ఎటు వచ్చినా తరువాతి అడుగు మారనప్పుడు, ఈ వారం ఆ పరీక్ష కోసం ఆగడంలో అర్థం లేదు. ఖర్చు కూడా ఆలోచించాలి. అమెరికాలో ఆలోష్యూర్ ఒక్కసారికి అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ 2023 నాటికి 2,841 డాలర్లు చెల్లించేది. ఆ ఏడాదే అక్కడ ఆ చెల్లింపుల నియమాలను బిగించడం పెద్ద వివాదమైంది.

ఇన్ఫెక్షన్ వస్తే గ్రహీత సొంత డీఎన్ఏ ముక్కలు రక్తంలో పెరిగి, దాత శాతం తగ్గినట్టు కనిపించవచ్చు. అందుకే ఇప్పుడు శాతంతో పాటు మిల్లీలీటరుకు ఎన్ని ముక్కలన్న లెక్క కూడా చూస్తున్నారు. కాలేయం పెద్ద అవయవం కనుక అక్కడ మామూలు స్థాయే కిడ్నీ కంటే చాలా ఎక్కువ. ఒక అవయవానికి గీసిన గీత మరోదానికి వర్తించదు.

పలాస అన్న | సోమవారం, రాత్రి 10:45

పద్నాలుగేళ్ల కిడ్నీ అక్క గారూ, మీ ప్రశ్న తమ్ముడిని ఇప్పుడే అడిగాను. మా ఊరి దగ్గరి సేకరణ కేంద్రం పది గంటలకు తెరుస్తారు. రెండుసార్లూ ఉదయం ఎనిమిదికి మాత్ర వేసుకుని, టిఫిన్ చేసి, పదిన్నరకు రక్తం ఇచ్చాడట. మాత్ర వేసుకున్నారా అని అక్కడ ఎవరూ అడగలేదు. తిన్నాక ఇవ్వవచ్చా అని మా వాడు అడిగితే, పరవాలేదన్నారట.

పద్నాలుగేళ్ల కిడ్నీ | సోమవారం, రాత్రి 11:00

ఇది రేపు ఉదయమే మీ డాక్టర్ గారికి ఫోన్ చేసి చెప్పండి, ఆలస్యం చేయకండి. మాత్ర వేసుకున్న రెండు మూడు గంటలకు మందు రక్తంలో శిఖరం దగ్గర ఉంటుంది. మనం కొలవవలసినది లోయను. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకు, ఉదయం మాత్ర వేసుకోబోయే ముందు రక్తం ఇవ్వాలి. 13.6 శిఖరమైతే, అది చూసి మందు తగ్గించినప్పుడు తమ్ముడి అసలు లెవెల్ ఎక్కడికి పడిపోయిందో ఏమో.

విశాఖ నెఫ్రాలజీ | మంగళవారం, ఉదయం 6:30

అమ్మా, మీరు అడిగిన ఆ ఒక్క ప్రశ్న, నేను అడిగిన నాలుగింటికంటే విలువైనది. లెవెల్స్ ఎంత అన్నాను గాని, ఏ సమయంలో తీశారని నేను అడగలేదు. అది నా లోపమే.

అన్న గారూ, మందు మోతాదును మీ అంతట మీరు మార్చవద్దు. ఈ రోజు రాత్రి ఎనిమిదికి మాత్ర వేయించి, రేపు ఉదయం ఎనిమిదికి మాత్ర వేయక ముందే రక్తం తీయించి, వెంటనే మాత్ర ఇవ్వండి. టాక్రోలిమస్ ఎక్కువగా ఎర్రకణాలకు అంటుకుని ఉంటుంది కనుక దీనిని సీరంలో కాక మొత్తం రక్తంలో కొలుస్తారు, అందుకే ఊదారంగు మూత ఉన్న గొట్టంలో తీస్తారు. కొలిచే పద్ధతులు కూడా రెండు రకాలు. ప్రతిరక్షకాలతో కొలిచే పద్ధతి, మందు విరిగి ఏర్పడిన పదార్థాలను కూడా కొంత లెక్కలో కలుపుకుని, అణువులను బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ కంటే కాస్త ఎక్కువ చూపించవచ్చు. అందువల్ల వీలైనంతవరకు ఒకే ప్రయోగశాలలో చేయించాలి.

జబ్బును సూచించే కొత్త కొలతల (బయోమార్కర్ల) గురించి ఎంత ఉత్సాహంగా మాట్లాడుకున్నా, రోజూ నా గదిలో కూర్చుని నేను చూసే నష్టాల్లో చాలావాటికి మూలం ఈ పాత లెవెల్ దగ్గరే కనిపిస్తుంది. క్షయకు రిఫాంపిసిన్ మొదలుపెడితే టాక్రోలిమస్ అమాంతం పడిపోతుంది. ఫంగస్‌కు ఫ్లుకొనజోల్ ఇచ్చినా, బీపీకి డిల్టియాజెమ్ వాడినా పెరుగుతుంది. విరేచనాలు పట్టుకుంటే మందు వంటికి పట్టదని అనుకుంటాం, కానీ లెవెల్ పెరుగుతుంది, ఎందుకంటే పేగు గోడలో మందును విరగ్గొట్టే ఎంజైము, దానిని తిరిగి బయటికి నెట్టే వ్యవస్థ రెండూ దెబ్బతింటాయి. కొందరిలో ఈ మందును విరగ్గొట్టే సీవైపీ3ఏ5 అనే జన్యువు చురుకుగా ఉండి, మిగతావారికంటే ఒకటిన్నర, రెండు రెట్ల మోతాదు అవసరమవుతుంది. లెవెల్ సగటున సరిగా ఉన్నా, ఒకసారి 4, ఒకసారి 11 అంటూ ఊగిసలాడేవారిలో ప్రతిరక్షకాలు, తిరస్కరణ ఎక్కువగా కనిపిస్తాయి. ఆ ఊగిసలాటే ఒక సూచిక. దానికి ప్రత్యేకంగా డబ్బు కట్టనక్కరలేదు, పాత రిపోర్టులన్నీ వరుసగా ఒక కాగితం మీద రాసుకుంటే చాలు.

హెచ్ఎల్ఏ బల్ల | మంగళవారం, ఉదయం 10:15

నేను కణజాల సరిపోలిక ప్రయోగశాలలో పనిచేస్తాను. మందు తక్కువైన కాలం రెండు నెలలు దాటింది కనుక, దాతకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలు పుట్టాయేమో చూసే డీఎస్ఏ పరీక్ష కూడా చేయించమని మీ డాక్టర్ గారిని అడగండి. హెచ్ఎల్ఏ అంటే కణాల మీద ఉండే గుర్తింపు ప్రోటీన్లు. బిడ్డకు తల్లి హెచ్ఎల్ఏలో సగం వారసత్వంగా వస్తుంది. మిగతా సగం అతని ఒంటికి పరాయిది. ప్రతిరక్షకాలు పుడితే ఆ సగం మీదనే పుడతాయి, వాటిలో హెచ్ఎల్ఏలోని డీక్యూ అనే వర్గం మీద పుట్టేవి అన్నింటికంటే ఎక్కువగా చూస్తుంటాం. మార్పిడికి ముందే ఉన్న ప్రతిరక్షకాలు ఎంత ప్రమాదమో 1969లో పటేల్, తెరసాకి నిరూపించారు. నేటికీ ప్రతి మార్పిడికి ముందు, దాతకు వ్యతిరేకంగా ప్రతిరక్షకాలున్నాయేమో చూసే క్రాస్‌మ్యాచ్ చేయడం వారి చలవే. తరువాత కొత్తగా పుట్టేవాటిని పట్టుకోవడానికి ఇప్పుడు ల్యూమినెక్స్ పూసల పద్ధతి ఉంది. ఒక్కో పూస మీద ఒక్కో హెచ్ఎల్ఏ అతికించి ఉంటుంది, రక్తంలోని ప్రతిరక్షకం తనకు సరిపోయే పూసకు అంటుకుని వెలుగుతుంది.

ఆ వెలుగును ఎంఎఫ్ఐ అనే అంకెగా రాస్తాం. దానిని షుగరు అంకెలాగా చదవకండి. రెండు ప్రయోగశాలల మధ్య అది బాగా మారుతుంది. ప్రతిరక్షకాలు మరీ ఎక్కువగా ఉన్నప్పుడు అంకె తక్కువగా చూపించడం కూడా జరుగుతుంది, అప్పుడు నమూనాను పలచన చేసి మళ్లీ చూడవలసి వస్తుంది. నెగటివ్ వస్తే మంచిదే, కానీ టీ కణాల తిరస్కరణ గురించి ఈ పరీక్ష ఏమీ చెప్పదు.

డల్లాస్ నుంచి | మంగళవారం, ఉదయం 11:40

మూత్రపరీక్షతోనే తిరస్కరణ పట్టుకోవచ్చని చదివాను. టీ కణాల రకానికి అది సరిపోతుందా?

జన్యుశాల | మంగళవారం, మధ్యాహ్నం 12:30

ఆలోచన సరైనదే. గొట్టాల్లో జరిగే పోరుకు మూత్రం రక్తం కంటే దగ్గరి సాక్షి. న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో మాణిక్కం సుతంతిరన్ నాయకత్వంలో 2013లో వచ్చిన అధ్యయనంలో 485 మంది నుంచి 4,300 మూత్ర నమూనాలు సేకరించి, అందులోని కణాల ఆర్ఎన్ఏను కొలిచి, టీ కణాల తిరస్కరణకు ఒక గుర్తును చూపించారు. కొందరిలో బయాప్సీకి కొన్ని వారాల ముందే ఆ గుర్తు పెరగడం మొదలైంది. టీ కణాలను రమ్మని పిలిచే సీఎక్స్‌సీఎల్9, సీఎక్స్‌సీఎల్10 అనే ప్రోటీన్లను కొలవడం అంతకంటే సులువు. అయితే బీకే వైరస్‌కూ మూత్ర ఇన్ఫెక్షన్‌కూ కూడా అవి పెరుగుతాయి. పైగా స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో సీఎక్స్‌సీఎల్10 ఆధారంగా గమనించినవారినీ, మామూలుగా గమనించినవారినీ యాదృచ్ఛికంగా విభజించి పోల్చినప్పుడు, ఏడాది చివర ఫలితంలో మేలు కనిపించలేదు. సూచిక జబ్బుతో పాటు కదలడం ఒక ఎత్తు, దానిని చూసి వైద్యం మార్చితే రోగికి మేలు జరగడం మరో ఎత్తు. రెండోది నిరూపించిన పరీక్షలు ఇప్పటికీ చాలా తక్కువ.

సూక్ష్మదర్శిని | మంగళవారం, రాత్రి 9:00

నేను పాథాలజిస్టును. అమ్మగారి భయం గురించి ఎవరూ రాయలేదు కనుక రాస్తున్నాను. మార్పిడి చేసిన కిడ్నీ వీపు లోపల లోతుగా ఉండదు, పొత్తికడుపు పక్కన చర్మానికి దగ్గరగా ఉంటుంది. రోగి వెల్లకిలా పడుకుంటే, మత్తు సూది ఇచ్చి, అల్ట్రాసౌండ్‌లో చూస్తూ సన్నని సూదితో రెండు పోగులు తీస్తారు. ఆ రోజు మూత్రంలో కొద్దిగా రక్తం కనిపించవచ్చు. కొద్దిమందిలో రక్తస్రావం ఎక్కువ కావచ్చు, అందుకే ముందుగా బీపీ, రక్తం గడ్డకట్టే గుణం చూసి, తరువాత కొన్ని గంటలు పడుకోబెట్టి గమనిస్తారు.

ఆ పోగుల్లో మేము చూసేవి ఏ రక్తపరీక్షా చెప్పలేనివి. 1991లో కెనడాలోని బాన్ఫ్ పట్టణంలో వైద్యులు కలిసి మొదలుపెట్టిన వర్గీకరణనే నేటికీ సవరించుకుంటూ వాడుతున్నాం. గొట్టాల గోడలోకి ఎన్ని తెల్లకణాలు దూరాయి, కిడ్నీ పైపొరలో ఎంత భాగం వాచింది, సన్ననాళాల్లో కణాలు పేరుకున్నాయా, ప్రతిరక్షకాల అడుగుజాడ అయిన సీ4డీ అంటుకుందా, ఎంత మేర మచ్చకట్టింది అని విడివిడిగా లెక్కిస్తాం. చివరి విషయం చాలా ముఖ్యం. వాపును మందుతో తగ్గించవచ్చు, మచ్చను తగ్గించలేం.

మా పనిలోనూ లోపాలున్నాయి. పోగులో కనీసం పది వడపోత ఉండలు, రెండు ధమనులు ఉంటేనే సరైన నమూనా అంటాం. అయినా అది కిడ్నీలో అణుమాత్రం. సూది పడిన చోట జబ్బు లేకపోవచ్చు. తిరస్కరణో కాదో తేల్చలేని సరిహద్దు మార్పుల విషయంలో ఒకే స్లయిడు మీద ఇద్దరు పాథాలజిస్టులు వేర్వేరుగా రాయడం నేను చూశాను. అందుకే రక్తపరీక్షలు రావాలని నేనూ మనస్ఫూర్తిగా కోరుకుంటాను. ఈ రోజున మాత్రం అవి బయాప్సీ ఎప్పుడు చేయాలో చెప్పగలుగుతున్నాయి, బయాప్సీ చెప్పేదంతా చెప్పలేకపోతున్నాయి.

పలాస అన్న | గురువారం, రాత్రి 8:30

నిన్న ఉదయం సరైన సమయానికి తీసిన లెవెల్ 3.4 వచ్చింది. డాక్టర్ గారు ఆ అంకె చూసి చాలాసేపు మౌనంగా ఉండిపోయారు. ఈ దశలో తమ్ముడికి 5 నుంచి 8 మధ్య ఉండాలని ఆయన లక్ష్యమట. డీఎస్ఏకు కూడా రక్తం పంపారు. బయాప్సీ రేపు. సూక్ష్మదర్శిని గారు రాసినదంతా అమ్మకు చదివి వినిపించాను. వెల్లకిలా పడుకోబెట్టి పైపైనే చేస్తారని విన్నాక ఆమె కొంచెం కుదుటపడింది.

పద్నాలుగేళ్ల కిడ్నీ | గురువారం, రాత్రి 8:55

ధైర్యంగా ఉండండి. నాకు మూడుసార్లు బయాప్సీ చేశారు. రెండుసార్లు వచ్చిన ఫలితం వల్ల మందు మార్చారు, ఒకసారి తిరస్కరణ లేదని తేలి అనవసరపు స్టెరాయిడ్లు తప్పాయి. అదే కిడ్నీతో ఇప్పుడు మీకు ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

పలాస అన్న | తరువాతి బుధవారం, సాయంత్రం 6:10

ఫలితం వచ్చింది. టీ కణాల తిరస్కరణ, 1ఏ మెట్టు. సీ4డీ నెగటివ్, డీఎస్ఏ లేదు. మచ్చ చాలా తక్కువని రాశారు. మూడు రోజులు స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇచ్చి, టాక్రోలిమస్ మళ్లీ పెంచారు.

జన్యుశాల | బుధవారం, సాయంత్రం 6:40

సకాలంలో తేలినందుకు చాలా సంతోషం. 1ఏ, ప్రతిరక్షకాలు లేవు, దాత తల్లి. ఇదే వారం దాత డీఎన్ఏ పరీక్ష మాత్రమే చేసి ఉంటే 0.2, 0.3 వచ్చి, అందరం ఊపిరి పీల్చుకుని ఇంకో నెల ఆగి ఉండేవాళ్లమేమో. నేను రోజూ పనిచేసే రంగం గురించే ఈ మాట రాస్తున్నాను.

డల్లాస్ నుంచి | బుధవారం, రాత్రి 7:30

అన్న గారూ, మొదట నేను ఇచ్చిన సలహా మీ తమ్ముడి పరిస్థితికి సరిపోనిది. గుండెకూ కిడ్నీకీ, నిలకడగా ఉన్నవారికీ లేనివారికీ తేడా ఉందని ఇక్కడి చర్చలోనే నాకు తెలిసింది. తమ్ముడు త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నాను.

విశాఖ నెఫ్రాలజీ | బుధవారం, రాత్రి 9:15

స్టెరాయిడ్లకు స్పందన ఎలా ఉందో రెండు మూడు వారాల్లో క్రియాటినిన్ చెబుతుంది. ఇకనుంచి ప్రతి లెవెల్ రిపోర్టు మీద రెండు సమయాలు చేత్తో రాయించండి: చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నాడు, రక్తం ఎప్పుడు ఇచ్చాడు. అవి లేని అంకెను నమ్మి మోతాదు మార్చవద్దని మీ డాక్టర్ గారిని మీరే అడగవచ్చు, తప్పేమీ కాదు. మందు పెంచారు కనుక బీకే వైరస్ పరీక్ష మళ్లీ క్రమంగా చేయించాలి. ప్రతిరక్షకాలు కొన్ని నెలల తరువాత కూడా తలెత్తవచ్చు, డీఎస్ఏ మళ్లీ ఎప్పుడు చేయాలో ఇప్పుడే అడిగి తేదీ రాసుకోండి.

ఇంకొక మాట. అమ్మగారికి కిడ్నీ ఇచ్చాక పరీక్షలు చేయించారా? దాతకు ఏడాదికోసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ చూడాలి.

పలాస అన్న | మూడు వారాల తరువాత, ఆదివారం, రాత్రి 9:20

తమ్ముడి క్రియాటినిన్ 1.2కి వచ్చింది. లెవెల్ 7.1. రిపోర్టు మీద రెండు సమయాలూ రాయించాం. పలాసలో ఉదయం ఏడున్నరకే తెరిచే మరో ప్రయోగశాలకు మారాం. ఇప్పుడు రక్తం ఇచ్చాకే, అక్కడే బల్ల మీద కూర్చుని మాత్ర వేసుకుంటున్నాడు. డీఎస్ఏకు మూడు నెలల తరువాతి తేదీ ఇచ్చారు.

డాక్టర్ గారూ, మీరు అడిగేదాకా అమ్మకు పరీక్ష చేయించాలన్న ధ్యాసే మాకు రాలేదు. పద్నాలుగు నెలలుగా ఆసుపత్రికి తమ్ముడి వెంట ఆమె వస్తూనే ఉంది, ఆమె రక్తం మాత్రం ఎవరమూ తీయించలేదు. నిన్న చేయించాం. క్రియాటినిన్ 1.0, మూత్రంలో అల్బుమిన్ లేదు. బీపీ మాత్రం రెండుసార్లు చూసినా 150 మీద ఉంది. మంగళవారం ఆమె పేరు మీద కూడా చీటీ రాయించాను.